పట్టుచీరల వెనక సీసా

ఎదురింటి ఆంటీ పోయారని కబురు వచ్చినప్పుడు నేను ఫ్రిజ్ తలుపు తెరిచి ఒక బీరు సీసా వంక చూస్తూ నిలబడి ఉన్నాను. ఫోన్‌లో ఆవిడ కూతురు. పెర్త్ నుంచి వచ్చి కొద్ది రోజులుగా ఆస్పత్రిలోనే తల్లి దగ్గర ఉంటోంది. ఆస్ట్రేలియాలోనే పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. "మమ్ ఈజ్ గాన్" అంది. తలుపు తెరిచే ఉందని ఫ్రిజ్ కూత పెట్టడం మొదలుపెట్టింది. దాన్ని మూయడానికి కూడా నాకు భయమేసింది. గట్టిగా మూస్తే సీసా కదులుతుంది, కదిలితే అడుగున పేరుకున్న మడ్డి లేస్తుంది. మనిషి పోయిన కబురు వింటూ మడ్డి గురించి ఆలోచించిందేమిటి ఈవిడ అని మీకు అనిపించవచ్చు. ఆ మడ్డి సంగతి చెబితే గానీ ఆంటీ సంగతి చెప్పినట్టు కాదు.

నేను పిరికిదాన్ని. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఏది ఎప్పుడు ఎలా చెడిపోతుందో అందరికంటే ముందు ఊహించి చెప్పినందుకు నాకు జీతమిస్తారు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. అడిలైడ్‌లో దిగిన కొత్తలో బూట్లు దులిపి, మళ్లీ దులిపి, లోపల సాలీడు లేదని నమ్మకం కుదరక వేరే జత వేసుకుని వెళ్లేదాన్ని. ఎండాకాలం వడగాలి కొడితే ఎక్కడ అడవి అంటుకుందోనని పెరట్లో నిలబడి వాసన చూసేదాన్ని. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, తర్వాత నవ్వడం కూడా మానేశాడు.

అడిలైడ్ శివార్లలోని మాసన్ లేక్స్‌లో ఇల్లు కొన్న మొదటి వేసవిలో, ఒక మధ్యాహ్నం ఎదురింట్లో ఢామ్మని ఏదో పేలింది. తుపాకీ అనుకున్నాను. సోఫా వెనక నక్కి పోలీసులకు ఫోన్ చేయాలా వద్దా అని తేల్చుకోలేక చస్తుంటే, ఎదురింటి గరాజు తలుపు మెల్లగా పైకి లేచింది. నైటీ మీద, ల్యాబుల్లో ముఖానికి పెట్టుకునే ప్లాస్టిక్ షీల్డ్ తగిలించుకుని, డెబ్బై దాటిన తెలుగావిడ ఒకరు బయటికొచ్చారు. మా కిటికీ వైపు చూసి చెయ్యి ఊపారు.

"ఏం కాలేదమ్మాయ్. బీరు సీసా పేలింది. పులియడం అవ్వకుండానే మూత బిగించేశాను, తొందరెక్కువ నాకు. మీ ఇంట్లో చీపురుంటే పట్రా, జాగ్రత్త, చెప్పులేసుకుని రా."

అలా చీపురు పట్టుకుని వెళ్లినదాన్ని, ఆవిడ పోయేదాకా ఆ గరాజుకు వెళ్తూనే ఉన్నాను.

ఆంటీది కాకినాడ. ఇక్కడ ఆస్పత్రి ల్యాబులో డాక్టరుగా చేసి రిటైరయ్యారు. బీరు పిచ్చి ఆవిడది కాదు, అంకుల్‌ది. అడిలైడ్ కొండల్లో ఒక చిన్న బ్రూవరీ ఉండేదట. వాళ్ల బీరు వడకట్టకుండా సీసాల్లో పోసేవారు. అలాంటి సీసా అడుగున తెల్లగా మడ్డి ఉంటుంది. మడ్డి అంటే చెత్త కాదు, ఈస్ట్. ప్రాణమున్న ఈస్ట్, ఆకలితో నిద్రపోతూ ఉంటుంది. అంకుల్ ఆ మడ్డిని లేపి, తిండి పెట్టి పెంచి, దానితోనే ఇంట్లో బీరు కాసేవారు. పెరుగు తోడు దాచుకుని మళ్లీ మళ్లీ తోడేసుకుంటామే, అలాగన్నమాట. తర్వాత ఆ బ్రూవరీ మూతపడింది. ఆ ఈస్ట్ ఇంక ఎక్కడా దొరకదు. ఆ తర్వాత అంకుల్ పోయారు. ఆంటీ బీరు ముట్టరు. అయినా ఏడాదిలో కొన్నిసార్లు కొద్దికొద్దిగా కాసి, ఈస్ట్‌ను మేపి, కొత్త మడ్డిని తీసి దాచి, బీరంతా ఇరుగుపొరుగుకు పంచేసేవారు.

"అంకుల్ గుర్తుగానా ఆంటీ?" అని అడిగాను ఒకసారి, కొత్తలో, బుద్ధి లేక.

"ఆయన బీరు నాకెప్పుడూ నచ్చలేదు. ఆ చేదు, ఆ వాసన. ఇల్లంతా కంపు. కానీ ఇవేం పాపం చేశాయమ్మాయ్? ఆకలేస్తది కదా వీటికి." అని సీసాల మీద ఈగలు తోలుతూ అటు తిరిగిపోయారు. మళ్లీ నేను ఆ ప్రశ్న వేయలేదు.

నాకు ఆ పని నేర్పడానికి దుకాణంలో దొరికే మడ్డి బీరు ఒకటి కొన్నారు. సీసాను ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టి మడ్డి గట్టిగా కూర్చునే దాకా ఆగాలి. మూతి చుట్టూ స్పిరిట్‌తో తుడవాలి, మూత తీశాక లైటర్‌తో మూతిని ఒకసారి కాల్చాలి. బీరును నెమ్మదిగా గ్లాసులోకి వంచి, అడుగున రెండు వేళ్ల మందం ఉండగా ఆపాలి. ఆ మిగిలినదాన్ని గిరగిరా తిప్పి, మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పొడి, కలిపి కాచి చల్లార్చిన నీళ్లలో పోసి, పైన అల్యూమినియం రేకు కప్పాలి. చెప్పడానికి ఇంతే. కానీ చుట్టూ గాలిలో, నా వేళ్ల మీద, నా ఊపిరిలో కూడా వేరే క్రిములుంటాయని ఆవిడ చెప్పాక, నాకు ఊపిరి పీల్చడం కూడా చేతకాలేదు.

"ఆంటీ, నాకు భయమైతుంది. నా చేతుల ఖరాబైతదేమో."

"భయపడు, ఫర్వాలేదు. నీ చెయ్యి మాత్రం భయపడకూడదు. చెయ్యి వణికితే మడ్డి లేస్తది."

మాల్ట్ నీళ్లు చిక్కగా ఉంటే బలం కదా అని నేను ఇంకో చెంచా వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "జొరమొచ్చి లేచినవాడికి బిర్యానీ పెడతావా? జావ పెట్టు. లేచి తిరిగాక చూద్దాం బిర్యానీ సంగతి." ల్యాబులో ఆవిడ కింద పనిచేసినవాళ్లు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను. తర్వాత సీసాలు కడగడంలో నన్ను తిట్టిన తిట్లు విన్నాక పాపం వాళ్లు అనుకున్నాను.

ఇంకో భయం కూడా ఉండేది నాకు. ఇద్దరు తెలుగు ఆడవాళ్లు గరాజులో కూర్చుని బీరు కాస్తున్నారంటే మనవాళ్లు ఏమనుకుంటారు? ఆంటీ దీనికి మాత్రం పగలబడి నవ్వారు. "అనుకోనీయమ్మా. అనుకున్నవాళ్లే ఆదివారం సంచి పట్టుకుని పక్క గేట్లోంచి వస్తారు." నిజంగానే వచ్చేవారు.

దాచే పద్ధతి కూడా ఆవిడది ఆవిడదే. ఊరగాయ జాడీల్లాంటి చిన్న గాజు జాడీలు ఉడకబెట్టి, మడ్డిని అందులో పోసి, పైన దాని బీరే కొంచెం ఉంచి, ఫ్రిజ్‌లో వెనక వైపు పెట్టేవారు. తలుపులో పెట్టకూడదు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. మూత పూర్తిగా బిగించకూడదు, లోపలి గాలి బయటికి పోవాలి. ఆఖరికి ఒక రోజు ఒక జాడీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఒక్క ఇంట్లోనే ఉంటే ఎప్పుడైనా కొంప మునుగుద్ది. సగం నీ దగ్గరుండనీ."

వద్దన్నాను. బతిమాలాను. మా ఇంట్లో కరివేపాకు మొక్క కూడా రెండుసార్లు చచ్చిందని చెప్పాను. వినలేదు. ఆ రోజు నుంచి ఆఫీసులో కూర్చుని కూడా ఆ జాడీ గురించే దిగులు. కరెంటు పోయిందేమో, మూత బిగిసిందేమో, పేలిందేమో.

దానికి తోడు ఆవిడ గురించి భయం. ఒంటరి మనిషి, బీపీ, షుగరు. పొద్దున్నే ఆంటీ వంటగది కిటికీ తెర పైకి లాగేవారు. నేను కాఫీ కప్పుతో మా కిటికీ దగ్గర నిలబడి అది లేచేదాకా చూసేదాన్ని. లేస్తే నా రోజు మొదలైనట్టు. ఈ సంగతి ఆవిడకు చెప్పలేదు, తెలిస్తే కావాలని ఆలస్యంగా లాగేవారు.

ఈ వేసవిలో, ఎండలు మండిపోతున్న వారంలో, ఒక పొద్దున ఆ తెర లేవలేదు. నా దగ్గరున్న తాళంతో వాళ్లింట్లోకి పరుగెత్తాను. వాకిట్లో ఒకసారి పడ్డాను కూడా. ఆంటీ గరాజులో నేల మీద కూర్చుని ఉన్నారు. గరాజు ఫ్రిజ్ ఎండకు చెడిపోయింది. జాడీ ఇంట్లోకి తీసుకెళ్లబోతూ జారి పడ్డారు. జాడీ ముక్కలైంది. సిమెంటు మీద మడ్డి అప్పుడే ఎండి అట్ట కడుతోంది.

"గాజుపెంకులున్నాయి, అటు నుంచి రా" అన్నారు ముందు. నేను ఏడుస్తుంటే, "నీ దగ్గరది ఉందిగా?" అన్నారు.

"ఉంది ఆంటీ."

"అయితే ఫర్వాలేదు. ఇప్పుడు అంబులెన్స్‌కి చెయ్యి. తుంటి విరిగినట్టుంది."

ఆ రోజుల్లో మా అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. రోజంతా ఆస్పత్రిలో ఉండి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వేడివేడి దోసెలు పోసి పెట్టింది. "తిను బిడ్డా, పొద్దటి సంది ఏం తినలే నువ్వు. ఇయ్యాల పిండి ఎంత మంచిగ పొంగిందో సూడు." దోసె ముక్క నోట్లో పెట్టుకున్నాను. సింకు పక్కన, కడిగి బోర్లించిన చిన్న గాజు జాడీ కనిపించింది.

జాడీ వైపు చెయ్యి చూపించాను.

"గదా? పులిసిన గంజి ఉండె అండ్ల. ఎన్నొద్దులైందో ఏమో, ఫ్రిజ్జుల ఎనకకు వడి ఉన్నది. పారబోసుడెందుకని పిండిల కలిపిన" అంది అత్తమ్మ, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

ఆవిడ తప్పేముంది చెప్పండి? మన ఇళ్లలో ఫ్రిజ్‌లో వెనక జాడీలో తెల్లగా, పుల్లగా ఏదైనా ఉంటే ఎవరైనా పిండిలోనే కలుపుతారు. అసలు సంగతి తెలిశాక ఆవిడ ముఖం పాలిపోయింది. పిండి గిన్నెను రెండు చేతులా పట్టుకుని, "ఇండ్ల నుంచి మళ్ల తియ్యరాదా?" అని అడిగింది. మా ఆయన, "ఎందుకంత టెన్షన్ పడ్తున్నరు ఇద్దరు? హోమ్‌బ్రూ షాప్‌ల ఈస్ట్ ప్యాకెట్లు దొరుకుతయి కదా" అన్నాడు. ఆ రోజు అతనితో మళ్లీ మాట్లాడలేదు. ఆంటీకి ఎలా చెప్పాలో తెలియక చచ్చేంత భయపడ్డాను. ఆపరేషన్ అయి మంచం మీదున్న మనిషి, ఈ మాటకే ఏమైనా అయితే?

చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు ఆస్పత్రికి వెళ్తే, నన్ను చూడగానే "నీ దగ్గరవి ఎలా ఉన్నాయి?" అని ఆవిడే అడిగారు. తల దించుకుని మొత్తం చెప్పేశాను. ఆంటీ నా వైపు తిరిగారు.

"దోసెలు పొంగాయా?"

"మస్తు పొంగినయి ఆంటీ."

నవ్వడం మొదలుపెట్టారు. నొప్పికి తుంటి పట్టుకుని మరీ నవ్వారు. నర్సు వచ్చి ఏమైందని చూసి వెళ్లింది. నేనూ నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిసిపోయాయి. పిండిలోంచి తీయవచ్చా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. అందులో ఎన్ని రకాల జీవాలుంటాయో, వాటిలోంచి మనవాటిని ఏరుకోవడం ఇంట్లో అయ్యే పని కాదన్నారు. పంచిన సీసాలు అడుగుదామా అంటే, అవన్నీ ఎప్పుడో ఖాళీ చేసి కడిగేసి ఉంటారన్నారు. నవ్వు తగ్గాక కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"నా బట్టల అలమరా తెరువు. పై అరలో పట్టుచీరల వెనక ఒక సీసా ఉంటది. చీరల మధ్య వేడి తగలదని అక్కడ పెట్టాను. ఆయన చివరిసారి కాసినవాటిలో ఆఖరిది."

అంకుల్ పోయి ఆరేళ్లు దాటింది. ఆయన చేత్తో మూత బిగించిన సీసా. దాన్ని ఈవిడ ఇన్నాళ్లూ తెరవలేదు, ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా.

"వద్దాంటీ. నాతోని కాదు. తెరిస్తే అది పోతది. లోపల బతికున్నయో లేవో కూడా తెల్వదు."

"తెలీదు. ఆరేళ్లంటే చాలా చచ్చిపోయి ఉంటాయి. కొన్ని ఉండొచ్చు." దుప్పటి సర్దుకున్నారు. "సీసా దాచుకుంటే సీసాయే మిగులుద్ది అమ్మాయ్. తీసుకెళ్లి మీ ఫ్రిజ్‌లో నిలబెట్టు. మడ్డి కూర్చోనీ. నేనింటికొచ్చాక ఇద్దరం కలిసి తెరుద్దాం."

ఆవిడ ఇంటికి రాలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నేను చీరల వెనక నుంచి తెచ్చిన సీసాను మా ఫ్రిజ్‌లో నిలబెట్టి, రోజూ ఫ్రిజ్ తలుపు తెరిచి చూసి, మళ్లీ మూస్తూ ఉండగానే ఆ ఫోన్ వచ్చింది.

దహనం రోజున హాలు నిండిపోయింది. ఆవిడ బీరు తాగినవాళ్లంతా వచ్చారు. ఈ దేశంలో దానికీ ఒక టైమ్ స్లాట్ ఉంటుంది. మనవాళ్లు లేచేసరికి తర్వాతివాళ్లు బయట నల్లబట్టల్లో నిలబడి ఉన్నారు. కూతురు పెర్త్‌కు వెళ్లేముందు మా ఇంటికి వచ్చి ఫ్రిజ్‌లో ఆ సీసాను చూసింది. ముట్టుకోలేదు. "మమ్ టోల్డ్ మీ అబౌట్ ఇట్ ఇన్ ద హాస్పిటల్. ప్లీజ్, జస్ట్ ట్రై. ఇట్స్ ద లాస్ట్ థింగ్ ఆఫ్ బోత్ ఆఫ్ దెమ్." అంది. తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ బరువు ఇంకా నా భుజం మీద ఉంది.

ఇంకా ఎన్నాళ్లు వాయిదా వేసేదాన్నో తెలియదు. అత్తమ్మే ఒక పొద్దున స్నానం చేసి, వంటింటి బల్ల తుడిచి, నా ముందు నిలబడింది. "ఇయ్యాల తీద్దాం. నేను వట్టుకుంట, నువ్వు మూత తియ్యి." పాత సీసా ఒత్తిడికి పేలవచ్చని చెప్పాను. పొంగి మొత్తం నేలపాలు కావచ్చని చెప్పాను. తడి తువ్వాలు చుట్టి సీసాను రెండు చేతులతో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది ఆవిడ. నేను కూడా మూసుకోవాలనుకున్నాను. స్పిరిట్‌తో తుడిచి, మూతను కొంచెం కొంచెంగా లేపాను. చిన్న చప్పుడు, ఎవరో నిట్టూర్చినట్టు. అంతే. ఆరేళ్ల కిందట అంకుల్ బిగించిన గాలి మా వంటింట్లో కలిసిపోయింది.

నాకు భయంగానే ఉంది. చెయ్యి మాత్రం వణకలేదు. మూతిని కాల్చి, బీరును గ్లాసులోకి వంచాను. ముదురు తేనె రంగులో, తేటగా వచ్చింది. చివర్లో మడ్డి అంచు కదలగానే ఆపాను. గాజు జాడీలో సిద్ధంగా ఉంచిన పల్చటి మాల్ట్ నీళ్లలో పోసి, రేకు కప్పి, బట్టలుతికే గదిలో నీడన పెట్టాను.

మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడూ ఏమీ లేదు. నీళ్లు కదలకుండా, అడుగున మడ్డి కదలకుండా. ఆఫీసు నుంచి గంటగంటకూ ఫోన్ చేశాను. "ఏం లేదు బిడ్డా" అని అత్తమ్మ ప్రతిసారీ చిన్న గొంతుతో చెప్పింది. పెర్త్ నుంచి మెసేజ్ వస్తే తెరవలేదు. ఆ ఇద్దరి చేతుల్లో ఇన్నేళ్లు బతికింది నా వంటింట్లో చచ్చిందని ఎలా రాయాలి? ఆ రాయాల్సిన వాక్యాన్ని మనసులో ఎన్నిసార్లు రాసుకున్నానో, ఎన్నిసార్లు కొట్టేశానో. ఆంటీ ఉండి ఉంటే తిట్టేవారు, ఆ తిట్లు కూడా లేవు.

శనివారం పొద్దున అత్తమ్మ కేక వేసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్లి చూస్తే ఆవిడ ఆ గదిలో చతికిలబడి కూర్చుని, జాడీకి చెవి ఆనించి ఉంది.

"మా ఊర్ల కల్లు కుండ గిట్లనే గుసగుసలాడుతది. నువ్వు ఇను."

నేను వినలేదు. అది వేరే క్రిమి కూడా కావచ్చు, గాలిలోది కావచ్చు, పిండిలోది కావచ్చు. నా ఉద్యోగమే అది కదా. రేకు అంచు లేపి ముక్కు దగ్గర పెట్టాను. పుల్లటి వాసన లేదు. అప్పుడే కాల్చిన రొట్టె, దాని వెనక కాస్త పండిన అరటిపండు. ఎదురింటి గరాజు. ఆంటీ.

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. అత్తమ్మ హడలిపోయి నా భుజాలు పట్టుకుని ఊపింది. "ఏమైందే? సచ్చిపోయిందా?"

"లేదత్తమ్మా. బతికింది."

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

నా భయం పోలేదు, ఇంకా పెరిగింది. ఇప్పుడు పోగొట్టుకోవడానికి నా చేతుల్లో ఒకటుంది. అత్తమ్మ నా పక్కనే నేల మీద కూర్చుంది. జాడీ అడుగు నుంచి ఒక బుడగ విడిపడి, దారి వెతుక్కుంటూ పైకి వెళ్లి, అంచున ఉన్న తెల్లటి నురుగులో కలిసింది. దాని వెనక ఇంకొకటి బయల్దేరింది.